వెనకాల వచ్చిన మనిషి

పది గంటలకు విచారణకి పిలుస్తామన్నారు. పదీ ఇరవై అయింది, ఇంకా పిలవలేదు. బల్ల చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. ఎంతమంది దీని మీద కూర్చుని లేచారో, వాళ్ళలో ఎంతమంది ఆ తలుపు లోపలికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పారో, ఎంతమంది గుర్తు లేదని చేతులు దులుపుకుని వచ్చారో, రెండో రకం వాళ్ళే ఎక్కువై ఉంటారు, చెక్క అరగడం మాత్రం ఎవరి కిందైనా ఒకటే. అతను డోర్‌మన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హోటల్ బట్టల్లోనే రమ్మన్నాడు మేనేజరు. ఇత్తడి బొత్తాల కోటు, భుజాల మీద అల్లిన తాళ్ళు, చూసేవాళ్ళకి నమ్మకంగా ఉంటుందట. ఇరవై ఆరేళ్ళుగా ఆ కోటు చేస్తున్న పని అదే, నమ్మకంగా కనబడడం, కర్రకి తొడిగి గుమ్మంలో నిలబెట్టినా అంతే నమ్మకంగా కనబడుతుంది, కర్ర అయితే ఇంకా నయం, కర్ర ఎవరికీ లిఫ్టు తెరిచిపెట్టదు. వరండా ఆ చివర మరో బల్ల ఉంది. దాని మీద ఆమె కూర్చుని ఉంది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా పిండికట్టు, ఆరువారాలైంది, ఇంకా విప్పలేదు. అతను ముఖం వైపు చూడకుండా ఆ కట్టు వైపే చూస్తున్నాడు, కట్టుకి కళ్ళుండవు కనుక. తోడు ఎవరూ రాలేదు. అంత జరిగాక కూడా ఒక్కతే ప్రయాణం చేసి వచ్చింది, చక్రాల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుంది, పెట్టె పిడి మీదే ఉంది ఎడమచేయి. హోటల్లో మనుషులకి పేర్లుండవు, గది నంబర్లుంటాయి, ఆమె మూడొందల పన్నెండు.

చెప్పవలసింది నాలుగు మాటలే. ఆమె గదిలోకి జొరబడ్డవాడు అంటున్నాడు కదా, ఆమే రమ్మంది, ఇద్దరం బార్ నుంచి కలిసే వచ్చాం, చేయి విరగడం తాగి పడడం వల్ల అని. ఆమె అంటోంది, నేను ఒక్కదాన్నే వచ్చాను, వాడు నా వెనకాల వచ్చాడు అని. రిసెప్షన్ కెమెరా బల్లనే చూస్తుంది, గుమ్మం వైపు చూడదు, లిఫ్టు వైపు చూడదు, ఆ సమయానికి బల్ల దగ్గర మనిషి వెనక గదిలో ఉన్నాడు. ఇక మిగిలింది గుమ్మంలో కోటు. కోటు ఎటు మొగ్గితే అటు. కలిసే వచ్చారని కోటు అంటే ఆమె అబద్ధాలకోరు, హోటల్ శుభ్రం. వెనకాల వచ్చాడంటే వాడు దొంగ, హోటల్ బజారుపాలు, డోర్‌మన్ సంగతి సరేసరి. మేనేజరు నిన్న సాయంత్రం గదికి పిలిచి కుర్చీ చూపించాడు, ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదటిసారి, కుర్చీ మెత్తగా ఉంది, అప్పుడే అర్థమైంది విషయం. పక్కన హోటల్ వకీలు, అతని చొక్కా కఫ్‌లు కాగితంలా మడతలు పడి ఉన్నాయి.

"మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు పెద్దాయనా," అన్నాడు వకీలు. "గుర్తు లేదనండి చాలు. మీ వయసుకి ఎవరైనా నమ్ముతారు."

"అన్నీ గుర్తున్నాయి కదా సార్ నాకు."

"అదే మీ జబ్బు," అని మేనేజరు నవ్వాడు. "వెనకవైపు గది మీదే, ఉన్నన్నాళ్ళు ఉండండి. ఎక్కడికి పోతారు ఈ వయసులో?"

అదీ నిజమే, ఎక్కడికి పోతాడు. భార్య పోయాక అద్దె ఇల్లు వదిలేశాడు, రెండు గదుల్లో ఒక మనిషి తిరుగుతుంటే చప్పుడు ఎక్కువ. హోటల్ వెనక బట్టల గది పక్కన ఒక మంచం, ఒక మేకు, మేకుకి ఈ కోటు. బట్టల గదిలో ఇస్త్రీ ఆవిరి గోడలోంచి వెచ్చగా తగులుతుంది, చలికాలం బాగుంటుంది. ఆ గది చూసుకునే ఆవిడే అది జరిగిన తెల్లవారుజామున సర్వీసు మెట్ల మీద మూడొందల పన్నెండు ఆమెను చూసింది, దుప్పట్ల బండి తోసుకుంటూ పోయి, మెట్ల మలుపులో, గోడకి ఆనుకుని, చెప్పుల్లేకుండా. ఏం చూశావని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కానీ ఈ పొద్దున అతను కోటు తొడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి, నడుం మీద చేయి పెట్టుకుని, "వెళ్ళిరా అన్నయ్యా. నువ్వేం చెప్తావో నాకు తెలుసులే. మగాళ్ళకి మతిమరుపు భలే వేళకి వస్తుంది, మేం పిలిస్తే రాదు" అంది. అతను బొత్తాం పెట్టుకోవడంలో మునిగినట్టు నటించాడు. కింది బొత్తాం ఎప్పుడూ పట్టదు. పొట్ట వచ్చిందనేది భార్య, బొత్తాం చిన్నదైందనేవాడు తను, ఏళ్ళ తరబడి అదే మాట, ఆమె పోయాక పొట్ట తగ్గింది, బొత్తాం ఇప్పటికీ పట్టదు, కోటు కుదించుకుపోయి ఉంటుంది, ఏదో ఒకటి.

ఆ వీధిని పగలు చూసినవాళ్ళకి ఏం తెలుస్తుంది. పగలు అది ముఖం కడుక్కోని మనిషిలా ఉంటుంది, నీళ్ళ గొట్టాలతో గచ్చులు కడుగుతుంటారు, ఖాళీ సీసాల పెట్టెలు గలగలమంటుంటాయి, పావురాలు చెత్త పొట్లాలు పీకుతుంటాయి. దీపాలు వెలిగాక చూడాలి. అద్దాల గోడలు, ఒక్కో గుమ్మంలో తలుపంత ఛాతీ ఉన్న మనిషి, నేలకి ఆనుకుపోయే కార్లు, అత్తరు వాసన, పాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా నేల అదరడం. ఊరంతటికీ అదే భద్రమైన వీధి అని రాశారట ఎవరో, ఖరీదైనది కాబట్టి భద్రమైనదని. ఖరీదైన బూట్లు చప్పుడు చెయ్యవు, అంతే తేడా. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళని అతను అడుగు చప్పుడు బట్టి పోల్చగలడు, వీధి మలుపు తిరగ్గానే అడుగు పెరుగుతుంది, దీపం కింద తగ్గుతుంది. ఫోను చెవికి పెట్టుకుని "వచ్చేశాను, కిందికి దిగు" అని గట్టిగా అంటారు, ఆ ఫోను అవతల ఎవరూ ఉండరని అతనికి తెలుసు, పైన గదిలో దిగడానికీ ఎవరూ ఉండరని తెలుసు. తాళంచెవి వేళ్ళ మధ్య ములుకులా పట్టుకుంటారు. గుమ్మం దాటగానే భుజాలు ఒక బెత్తెడు కిందికి దిగుతాయి. ఆ బెత్తెడు దిగడమే తన జీతం అనుకునేవాడు. నా గుమ్మంలో ఒక్క ఆడమనిషికి చీమ కుట్టలేదు అని ఎంతమందికి చెప్పాడో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, భార్యకైతే అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా.

కుచ్చు ఆలోచన అతనిదే. ఒంటరిగా దిగిన ఆడమనిషి తాళంచెవికి నీలం ఉన్ని కుచ్చు కట్టాలి, అది చూస్తే గుమ్మంలో వాళ్ళకి తెలుస్తుంది, వెనక ఎవడైనా అంటుకుని వస్తే ఆపొచ్చు, గదులన్నీ మూడో అంతస్తులో ఎడమవైపే ఇవ్వాలి, బట్టల గది ఆవిడ తప్ప మగ పనివాళ్ళు తలుపు తట్టకూడదు. మేనేజరు భుజం తట్టాడు. మొదటి డజను కుచ్చులు భార్యే అల్లింది, ఆదివారం పూట, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని. అల్లుతూనే అంది.

"మందలోంచి తప్పిపోయిన మేకకి గంట కట్టినట్టుంది మీ తెలివి."

"గంట కడితే కాసేవాడికి తెలుస్తుంది, వెతుక్కుంటాడు."

"కాసేవాడికే వినబడుతుందా? తోడేలుకి చెవుల్లేవా?"

పెద్ద చెప్పొచ్చావులే అన్నాడు. అన్నాడంతే, ఆపైన ఆలోచించలేదు, ఇంట్లో ఆడమనిషి చెప్పిన మాట గుమ్మం దాటి ఉద్యోగం దాకా రాకూడదని ఒక పట్టుదల. పోయిన ఏడు టాక్సీ అతను ఒకడు బీడీ కాలుస్తూ, "మీ కుచ్చులు బాగున్నాయి పెద్దాయనా, రోడ్డవతల నుంచే తెలిసిపోతుంది, ఎవరూ లేరని" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని నవ్వాడు. నవ్విన పళ్ళు ఇంకా నోట్లోనే ఉన్నాయి, రాలిపోలేదు.

భార్య ఆసుపత్రిలో ఆయా. సాయంత్రం డ్యూటీ, ఆఖరి బస్సుకి దిగేది, స్టాపు నుంచి ఇంటికి పావుగంట నడక, సగం దూరం దీపాలు లేవు. సంచిలో ఇనప తాళంకప్ప ఒకటి వేసుకునేది, ఎందుకని అడిగితే పాత పెట్టెది అనేది, ఆ ఇంట్లో అలాంటి పెట్టె లేదు. ఒక్కసారంటే ఒక్కసారి ఎదురు వెళ్ళలేదు. వెళ్ళడానికి వీలెక్కడ, ఆ వేళకి తను గుమ్మంలో ఊరి ఆడవాళ్ళని కాపాడుతున్నాడు. సెలవు రోజైనా వెళ్ళొచ్చు. సెలవు రోజు నిద్రపోయేవాడు. "ఊళ్ళో వాళ్ళందరికీ తలుపు తీస్తారు, నాకు మటుకు లోపల గడియ వేసుకుని పడుకుంటారు" అంది ఒకసారి, దాని మీద పెద్ద గొడవ. గొడవైతే ఆమె రోడ్డు మీద ముందు నడిచేది, విసవిసా, వెనక్కి చూడకుండా, అతను ఇరవై అడుగులు వెనకాల, ఆమె విసిరేసిన సంచీ మోసుకుంటూ, అడుగు కలిపితే లొంగినట్టవుతుందని కలపకుండా, వదిలేసి పోతే తప్పిపోయినట్టవుతుందని వదలకుండా. చూసేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, అదిగో మొగుడూ పెళ్ళాలు అని. ఆఖరి గొడవ పదకొండు రోజులు నడిచింది, మాటల్లేవు, పన్నెండో రోజు పొద్దున ముఖం కడుక్కుంటూ తొట్టి దగ్గర కూలిపోయింది. మాట్లాడుకుంటూ ఉంటే బతికేదని కాదు, మెదడులో నరానికి ఎవరు మాట్లాడుకుంటున్నారో తెలియదు. దాన్ని కథ చేసుకుని ఏడవడం అతనికి ఇష్టం లేదు. కానీ కథ తనకి తెలియకుండానే లోపల తయారై కూర్చుంది, ఎవడో వచ్చి దాన్ని నోటితో అనే దాకా.

పెట్టె చక్రాల చప్పుడు. ఆమె లేచి ఇటే వస్తోంది. అతను టోపీ లోపలి చెమట పట్టీ వైపు చూడసాగాడు. వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది.

"నమస్కారమండీ. గుర్తున్నానా?"

"గుర్తున్నారమ్మా."

"మీ ఉద్యోగానికి ఏం ఇబ్బంది రాలేదు కదా? నా వల్ల మిమ్మల్ని కూడా ఇంత దూరం తిప్పుతున్నారు."

లేదమ్మా అన్నాడు. ఆమె ఇంకేదో అడగబోయి, నీళ్ళు ఎక్కడున్నాయని మాత్రం అడిగింది, వరండా మలుపులో అని చూపించాడు, చెయ్యి కోటు అలవాటుగా చాచి, అరచేయి పైకి, అతిథికి చూపించినట్టే. నా వల్ల అంటోంది. ఆవిడ వల్లనట. ఈవిడకి తెలియదు. ఆరువారాలుగా ఏమనుకుంటోందో, తను అక్కడ లేడనుకుంటోందో, వాడు పక్క తలుపులోంచి దూరాడనుకుంటోందో. మొదటిరోజు దిగగానే అడిగింది, ఈ వీధిలో ఒక్కదాన్నే తిరగొచ్చా అని, పక్కూరి వంతెనలు పరీక్షించే పని మీద వచ్చింది, రోజంతా ఇనుమూ సిమెంటూ చూసి వచ్చి, ఒక గంట ఎక్కడైనా పాట వింటూ కూర్చోవాలనుంది అంది. అతను ఛాతీ పొంగించి చెప్పాడు కదా, "ఆ కుచ్చు కనబడేట్టు పట్టుకోండమ్మా, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అని. వంతెన ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టే మనిషి అతని మాట నమ్మింది. కనబడేట్టే పెట్టుకుంది. మూడు సాయంత్రాలు గ్లాసు పక్కన, బల్ల మీద, దీపం కింద.

ఆ రాత్రి ఆమెకీ వాడికీ మధ్య ఇరవై సెకన్లు, అంతకంటే ఉండదు. ఆమె గుమ్మం దాటింది, కుచ్చు చేతిలో ఊగుతోంది, చూశాడు, చూడలేదనడానికి లేదు, నీలం అంతకంటే స్పష్టంగా ఉండదు. నవ్వలేదు ఆ రోజు, నేరుగా లిఫ్టుకి పోయింది, భుజాలు దిగలేదు. ఆ దిగకపోవడం కూడా చూశాడు. లిఫ్టు మూసుకుంది. వెనకాల వాడు వచ్చాడు. మంచి చొక్కా, చేతి మీద ఒక శాలువా మడిచి, ఆమెదే, బార్ కుర్చీ మీద మరిచిపోయిందట. అతను చేయి అడ్డం పెట్టాడు, అది కూడా నిజమే, పెట్టాడు. వాడు తోసుకుని రాలేదు. ఆగాడు, తల దించుకున్నాడు, సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"మా ఆవిడండీ. కోపం వస్తే ఇంతే, నన్ను వదిలేసి ముందు నడిచిపోతుంది. నేను ఇలా వెనకాల సామాన్లు మోసుకుంటూ."

అంతే. చేయి కిందికి దిగింది. కుచ్చు ఇంకా కళ్ళలోనే ఊగుతోంది, ఒంటరి మనిషి అని తను పెట్టిన గుర్తే అరుస్తోంది, దాన్ని కాదని రెండు రెప్పపాట్లలో ఒక కాపురం కట్టేశాడు, ఎక్కడో గొడవపడి ఆమె ముందు వచ్చేసింది, ఇతను వెతుక్కుంటూ వచ్చాడు, పాపం అని. పాపం అన్నాడు మనసులో, ఆ మాటే అన్నాడు. ఆడమనిషి చేతిలో గుర్తు కంటే మగవాడి నోట్లో ముక్క బరువనిపించింది, ఎందుకంటే ఆ ముక్క తనది. రాత్రిపూట లిఫ్టు తాళం లేకుండా కదలదు. తన జేబులోని పనివాళ్ళ తాళం బిళ్ళ తీసి తనే ఆనించాడు. "మూడో అంతస్తు, ఎడమవైపు చివర" అన్నాడు, వాడు అడగలేదు. పైగా బుద్ధి కూడా చెప్పాడు. "బతిమాలుకో బాబూ, గొడవ పొద్దుటిదాకా మిగుల్చుకోకు." వాడు చేయెత్తి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడి, తను ఏదో మంచి చేసినట్టు, ఎన్నాళ్ళకో గుండె తేలికైనట్టు, చల్లగాలి పీల్చుకున్నాడు. మిగతావన్నీ ఎవరైనా క్షమించవచ్చు. ఆ పీల్చుకున్న గాలిని ఎవరు క్షమిస్తారు.

గుమాస్తా తలుపు సందులోంచి తల పెట్టి ఇద్దరినీ రమ్మన్నాడు.

గది చిన్నది. విచారణ అధికారిణి జుట్టు నెరిసిన మనిషి, కళ్ళకింద నిద్రలేని నలుపు, ముందు ఫ్లాస్కు. వకీలు అప్పటికే కూర్చుని ఉన్నాడు, కఫ్‌లు సర్దుకుంటూ. ఆమెను అతనికి ఎదురుగా కూర్చోబెట్టారు. అతని పేరు, వయసు, ఎన్నాళ్ళ నుంచి పని, అన్నీ అడిగి గుమాస్తా రాసుకున్నాక, అధికారిణి తల ఎత్తకుండానే అడిగింది, కలిసి వచ్చారా, విడిగా వచ్చారా.

గుర్తు లేదు అనే మాట నోట్లోనే ఉంది. మెత్తగా, సిద్ధంగా, నమిలి పెట్టినట్టు. వెచ్చటి గోడ, మంచం, మేకు. ఎదురుగా పిండికట్టు. అతను ఈసారి పైకి చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది, భయంగా కాదు, ఆశగా, తనవైపు ఉన్న ఒక్క మనిషిని చూసినట్టు.

"విడిగానండి. ఆవిడ ఒక్కరే వచ్చారు. ఆవిడ లిఫ్టెక్కిన తర్వాత వాడు వచ్చాడు."

వకీలు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది, భుజాలు కిందికి దిగాయి. అక్కడితో ఆపెయ్యొచ్చు. అంతవరకు చాలు కేసుకి. కానీ అధికారిణి అడిగింది, లిఫ్టు తాళం లేకుండా కదలదంటున్నారు, మరి వాడు పైకి ఎలా వెళ్ళాడు అని.

"నేనే పంపానండి."

అప్పుడు మొత్తం చెప్పాడు. శాలువా, మా ఆవిడ అన్న మాట, మూడో అంతస్తు ఎడమవైపు అని తను చెప్పడం, బతిమాలుకో అనడం. కుచ్చు చూశారా అంటే చూశానన్నాడు. దాని అర్థం తెలుసా అంటే నేను పెట్టిందేనండి అన్నాడు. చూసి కూడా ఎందుకు పంపారు అని అడిగింది. నా పెళ్ళాం కూడా ముందు నడిచేది అని ఎలా చెప్తాడు, గుమాస్తా దాన్ని ఏ గడిలో రాస్తాడు. నమ్మానండి అన్నాడు చివరికి. గుమాస్తా నమ్మాను అని రాశాడు.

తర్వాత ఆమె మాట్లాడింది, అధికారిణితో కాదు, అతనితో, నెమ్మదిగా.

"వాడు వెనకాల వస్తున్నాడని నాకు వీధి మలుపులోనే తెలుసు. పరిగెత్తగలిగేదాన్ని. పక్కన ఇంకో హోటల్ తెరిచి ఉంది, అందులోకి దూరగలిగేదాన్ని. గుమ్మంలో మీరున్నారు కదా అని పరిగెత్తలేదు."

అతని చూపు మళ్ళీ పిండికట్టు మీదికి దిగింది.

"మీరు ఆ క్షణంలో ఎటో వెళ్ళి ఉంటారు, అప్పుడు దూరి ఉంటాడు అనుకున్నాను. పాపం ఆయనేం చేస్తాడు అనుకున్నాను. ఇన్నాళ్ళూ."

వకీలు గొంతు సవరించుకుని, ఈ సంభాషణ వాంగ్మూలంలోకి రాదు కదండీ అన్నాడు. గుమాస్తా పెన్ను ఎత్తి పట్టుకుని అధికారిణి వైపు చూశాడు.

"రాసుకోండి," అన్నాడు డోర్‌మన్.

రాశారు. చదివి వినిపించారు, చెవుల్లో పడిందో లేదో, చూపించిన చోట సంతకం పెట్టాడు. ఆమె ఎడమచేత్తో సంతకం పెట్టింది, చాలాసేపు పట్టింది. ఇక వెళ్ళొచ్చన్నారు. వకీలు ఫోను చెవికి పెట్టుకుని ముందే బయటికి పోయాడు. ఆమె లేచి పెట్టె పిడి అందుకుంది, ఒక చేత్తో దాన్ని తిప్పుకోవడానికి తంటాలు పడుతోంది. అతని కాళ్ళు అతన్ని అడగలేదు. రెండంగల్లో తలుపు దగ్గరికి చేరాయి, చేయి పిడి మీద పడింది, తలుపు తెరుచుకుంది, వీపు గోడకి ఆనింది, తల కొద్దిగా వంగింది, ఇరవై ఆరేళ్ళుగా వంగినంతే.

ఆమె ఆగిపోయింది. తెరిచిన తలుపు ముందు పెట్టె పట్టుకుని నిలబడింది. అతన్ని చూడలేదు, కదలలేదు. అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అప్పుడు చేయి తీసేసి, పక్కకి జరిగి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తలుపు తనంతట తానే మూసుకుంది. ఆమె పెట్టెని నేల మీద నిలబెట్టి, ఎడమచేత్తో తలుపు పిడి లాగి, తెరుచుకున్న సందులోకి మోకాలు పెట్టి ఆపి, పెట్టెని ముందుకు తోసి, బయటికి వెళ్ళింది.